చెక్‌డిస్క్ గారి రెవెన్యూ సదస్సు

హార్డ్‌డిస్కు మొరాయించగానే విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడిపి, ఫైళ్లు ఏవని దాన్ని తిట్టుకోవడం మనకి అలవాటైపోయింది. ఇది అన్యాయం. అది డాక్టరు కాదండీ, రెవెన్యూ ఉద్యోగి. ఏ ఫైలు ఏ గళ్లలో ఉందో రాసిన పట్టిక ఉంటుంది చూడండి, అది ఏ పొలం ఎవరిదో రాసుకునే అడంగల్ లాంటిది. ఆ అడంగల్‌ని సరిచేయడమే దీని డ్యూటీ. లెక్క కుదరని ముక్కల్ని ఫౌండ్.000 అనే ఫోల్డర్లో పడేసి, ఉన్న పేరు పీకేసి ఫైల్0000.సీహెచ్‌కే అని నామకరణం చేసి, సమస్యలు సరిచేశాం అని సంతకం పెట్టేస్తుంది. రికార్డు శుభ్రం. రైతేడని అడక్కూడదు.

మా పెళ్లి ఫోటోల డిస్కు ఓ రోజు టిక్కుటిక్కుమంది. అలా అంటే వెంటనే ఆపేసి, ఇంకా చదవగలుగుతుంటే ముందు డిస్కు మొత్తానికీ కాపీ తీసి, ఆ కాపీ మీద రిపేర్లు చేసుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది? చెక్‌డిస్క్‌కి స్లాష్ ఆర్ తగిలించాను, ప్రతి గడీ చదివి పాడైనవి వెతకమని. ఒక టెరాబైట్‌లో 4 కేబీ గళ్లు 24 కోట్ల పైమాటే, అన్నీ చదవాలి. అంటే గుండెనొప్పి వచ్చినవాణ్ణి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కించి నాడి చూడటమన్నమాట. "ఒరేయ్, కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టరా, లేచి కూర్చుంటుంది" అన్నాడు బాబాయి. మినప్పిండి పక్కన ఆ దరిద్రం పెట్టనివ్వనని అమ్మ అడ్డం పడబట్టి, లోపల తేమ చేరే గండం తప్పింది.

డిలీట్ సంగతీ అంతే. పొలం ఎక్కడికీ పోదు, అడంగల్లో పేరు పోతుంది, ఇంకెవరో వచ్చి ఇల్లు కట్టేదాకా మట్టి మనదే. మనమేమో రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డ్రైవ్‌లోకి దించి, సర్వేకి వచ్చినాయనకి సరిగ్గా ఆ పొలంలోనే బంగళా కట్టిస్తాం. (చిప్పుల డిస్కు, అదే ఎస్‌ఎస్‌డీ అయితే ఆ శ్రమ కూడా లేదు, డిలీట్ చేసిన గళ్లు ఖాళీ చేయించే ట్రిమ్ అనే బుల్డోజరు మామూలుగా మనకంటే ముందే వచ్చి చదును చేసేసి ఉంటుంది.)

చివరికి ఫోటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపాను. ఉచితం. అడంగల్ మొహం కూడా చూడదు, ఫైలు తలకాయని, అంటే మొదట్లో ఉండే గుర్తుని బట్టి జేపెగ్గో కాదో పోల్చుకుని లాగేస్తుంది. పేర్లు మాత్రం రావు, ఎఫ్ పక్కన ఓ అంకెల దండ. అలా వేలకొద్దీ బొమ్మలొచ్చాయి. ఎప్పుడో బ్రౌజర్ దాచుకున్న ఐకాన్లు, షాపింగ్ సైట్ల మిక్సీలు, మధ్యలో మా పెళ్లివి నాలుగు. మూడింట్లో భోజనాల బంతి. తాళి కట్టే ఫోటో కోసం మా ఆవిడ ఇంకా స్క్రోల్ చేస్తూనే ఉంది. బ్యాకప్ ఏదీ అని ఇంతవరకూ అడగలేదు, నాకదే టెన్షన్.