రెండు మామిడికాయలు

జూమ్‌లో వీడియో మీటింగ్ మొదలైనప్పట్నుంచి అయిపోయేదాకా నేను చూసేది ఒక్కణ్ణే. నన్నే. బెంగళూరులో మేనేజరు ఏదో చెబుతుంటాడు, నా కళ్లు మాత్రం మూలనున్న నా బొమ్మ మీదే. జుట్టు సర్దుకోవడం, శ్రద్ధగా వింటున్న మొహం పెట్టడం, అది కుదిరిందో లేదో చూసుకోవడం. పెళ్లిచూపుల నాడు కూడా ఇంత చూసుకోలేదు.

పైగా అందులో అంతా అద్దంలోలా తిరగబడి కనబడుతుంది. నా వెనక గోడకు కావలి బియ్యం కొట్టు క్యాలెండరు ఉంది. అక్షరాలు తిరగబడ్డాయి కదా, ఎవరూ చదవలేరులే అని ఆర్నెల్లు నిశ్చింతగా ఉన్నా. ఒకరోజు మీటింగ్‌లో ఉండే మా గుంటూరాయన కొట్టు పేరు, ఫోన్ నంబరుతో సహా చదివేసి, "బియ్యం బాగుంటాయా అండీ?" అన్నాడు. తిరగబడేది మన కంటికేనట, వాళ్లకు సూటిగానే ఉంటుందట.

ఇలా చూసుకుంటూ కూర్చుంటే అలసిపోతామని 2021లోనే స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బైలెన్సన్ రాశాడు. ఆఫీసులో రోజంతా ఒకడు మన వెంట అద్దం పట్టుకుని తిరిగినట్టే లెక్కట. మా బావమరిది మందు కూడా చెప్పాడు: జూమ్‌లో మన బొమ్మ మీద మూడు చుక్కలు నొక్కి 'హైడ్ సెల్ఫ్ వ్యూ' పెట్టేయడమే. మనకు మనం కనబడం, అవతలివాళ్లకు కనబడుతూనే ఉంటాం. ఆ రెండో ముక్క నేనూ విన్నా. పది నిమిషాలు గుర్తుంది కూడా.

ఆ రోజు మైకు మ్యూట్‌లో ఉంది. బొమ్మ లేదు. ఆహా, ఎంత హాయి! అప్పుడే అమ్మ గుమ్మం దగ్గరికొచ్చింది, చేతిలో కొరమీను ముక్కల గిన్నె.

"అబ్బయా, పులుసులో మామిడికాయ వేసేదా?"

మామిడికాయ లేకపోతే అది నెల్లూరు పులుసెట్లా అవుతుంది? తల గట్టిగా ఊపా.

"ఎన్ని?"

రెండు వేళ్లు చూపించా.

"రెండా? చింతపండు కూడా పడతాది, ఒకటి చాల్లేరా!"

కుదరదన్నట్టు తల అడ్డంగా ఊపి, మళ్లీ రెండు వేళ్లు, ఈసారి ఇంకాస్త పైకెత్తి.

"సరే, తలకాయ ఎవరికి?"

గుండె మీద చెయ్యేసి రెండుసార్లు తట్టుకున్నా.

స్క్రీన్ వైపు తిరిగేసరికి అందరూ చప్పట్ల గుర్తులు పంపుతున్నారు. మేనేజరు కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. ఏం జరిగిందో గుంటూరాయన చాట్‌లో రాశాడు. పాత డేటా అంతా కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించగలమా అని మేనేజరు అడిగితే తల ఊపానట. ఎన్ని వారాలు అంటే రెండన్నానట. "తొందరేం లేదు, నెల తీసుకోండి" అంటే ఒప్పుకోలేదట. బాధ్యత ఎవరిది అంటే గుండె తట్టుకున్నానట.

చేపల పులుసు మర్నాటికి ఇంకా రుచి అంటారు. ఆ మర్నాడు రాత్రి పన్నెండు దాటాక, లాప్‌టాప్ పక్కకు జరిపి కంచం ముందేసుకున్నా. అమ్మ తలకాయ వడ్డించి, నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగింది.

"ఒకటి చాలంటే విన్నావా? పులుపు జాస్తి అయింది చూడు."