‘టెన్షన్ మానేస్తే ఎం.ఎస్. తగ్గుతుంది’ అనే మెసేజ్‌కి జవాబు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అంటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొరను దెబ్బతీసే జబ్బు. దాని గురించి తెలుగులో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. వైజాగ్‌లో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ వచ్చింది, బంధువుల గ్రూపులోకీ వచ్చింది, చివరికి ఆ జబ్బున్న మా చెల్లి ఫోన్లోకే వచ్చి పడింది. అందులో ఉన్నది ఇదీ: ఈ జబ్బు టెన్షన్ వల్లే వస్తుంది. బాగున్న రోజుల్లో కూడా మందులు వాడటం లక్షలు తగలెయ్యడమే. ప్రభుత్వం గానీ బీమావాళ్లు గానీ పైసా ఇవ్వరు. ఉద్యోగం మానేసి విశ్రాంతి తీసుకోవాలి. డబ్బు గురించి ఆలోచించకూడదు. బయట ఎవరికీ చెప్పకూడదు.

నేను డాక్టర్ని కాదు. గాజువాకలో ఒక ఆడిటర్ దగ్గర పద్దులు రాస్తాను. అయితే ఈ మెసేజ్‌లో ఎక్కువ భాగం వైద్యం ముసుగేసుకున్న డబ్బు సలహాయే కాబట్టి, నాకు తెలిసినంతలో ఒక్కొక్కటే తీసుకుంటాను.

“టెన్షన్ వల్లే వచ్చింది.” ఇది పాత మాటే. 1868లో ఈ జబ్బును విడిగా గుర్తించి వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు షార్కో కూడా ఎడతెగని దిగులు ఒక కారణం కావచ్చనుకున్నాడు. ఆయన కాలంలో ఎంఆర్ఐ లేదు. అమెరికాలో లక్షకు పైగా నర్సులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2011లో వచ్చింది. ఇంట్లోనో ఉద్యోగంలోనో ఒత్తిడి ఎక్కువున్నవాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా వచ్చిన దాఖలా అందులో కనిపించలేదు. 2022లో అమెరికా సైన్యంలో కోటి మందికి పైగా రికార్డులు తిరగేస్తే, ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సోకాక ఎం.ఎస్. ముప్పు 32 రెట్లు పెరిగినట్టు తేలింది. ఆ వైరస్ దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. దానికి జన్యువులూ మిగతా కారణాలూ తోడైతేనే జబ్బు.

జబ్బు వచ్చాక ఒత్తిడి వల్ల రిలాప్స్‌లు (లక్షణాలు కొత్తగా విరుచుకుపడే దాడులు) పెరుగుతాయా అన్నది వేరే సంగతి. సంబంధం ఉన్నట్టే చాలా అధ్యయనాలు చెబుతాయి, కానీ అది తిన్నగా లేదు. ఇజ్రాయెల్ మీద 1991లో క్షిపణులు పడ్డప్పుడు అక్కడి రోగుల్లో రిలాప్స్‌లు తగ్గాయి, 2006 యుద్ధంలో పెరిగాయి. 2012లో వెలువడిన ఒక ప్రయోగంలో, ఒత్తిడిని తట్టుకోవడం ఎలాగో 24 వారాల పాటు నేర్పితే మెదడులో కొత్త మచ్చలు (జబ్బు దెబ్బతీసిన చోట్లు) తక్కువగా వచ్చాయి. నేర్పడం ఆపాక ఆ లాభం నిలవలేదు. అంటే పద్ధతిగా నేర్చుకుంటే కొంత ఉపయోగం ఉంది. “నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తావమ్మా, అందుకే నీకిలా” అనడంలో మాత్రం ఏ ఉపయోగమూ లేదు. జబ్బుకు తోడు నేరం కూడా ఆ పిల్ల నెత్తినే పెట్టినట్టవుతుంది.

“బాగున్నప్పుడు మందులెందుకు?” మెసేజ్ మొత్తంలో ప్రమాదకరమైన వాక్యం ఇదే. లక్షణాలేవీ లేని నెలల్లో కూడా మెదడులో, వెన్నుపాములో కొత్త మచ్చలు పడుతుంటాయి. రోజూ వేసుకునే మందు ఇప్పుడున్న తిమ్మిరిని తగ్గించడానికి కాదు, రాబోయే దాడిని ఆపడానికి. కొన్నిటిని ఉన్నపళంగా ఆపితే జబ్బు ముందుకంటే ఉధృతంగా తిరగబడొచ్చు. ఫింగోలిమాడ్ అనే ఎం.ఎస్. మందు విషయంలో 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇదే హెచ్చరిక ఇచ్చింది.

ఖర్చు సంగతి అబద్ధం కాదు. అయితే ఖర్చు తగ్గించే దారి మందు ఆపడం కాదు, ఏ మందు అని అడగడం. డైమిథైల్ ఫ్యూమరేట్, టెరిఫ్లునోమైడ్, ఫింగోలిమాడ్‌లకు మన దేశంలో జెనరిక్ మందులు ఉన్నాయి. రిటుక్సిమాబ్ అనే ఇంకో మందుకు సమానంగా పనిచేసే రూపాన్ని (బయోసిమిలర్) హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే తెచ్చింది. ఆ రిటుక్సిమాబ్‌ను ఎం.ఎస్. కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అలాగని చవక చూసి మనమే మార్చుకోకూడదు. గర్భం దాల్చాలనుకునేవాళ్లకు టెరిఫ్లునోమైడ్ పనికిరాదు, రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్ పరీక్ష చేయించాలి. మనవాళ్లలో చాలామంది డాక్టర్ ముందు డబ్బు మాటెత్తడానికి మొహమాటపడతారు. “నెలకు ఇంతకు మించి పెట్టలేమండీ, దీనికి సరిపోయే మందు చెప్పండి” అని అంకెతో సహా అడగాలి. అంకె చెప్పకపోతే రాసింది కొనలేక మధ్యలో మానేస్తాం, ఆ సంగతి డాక్టర్‌కి తెలియనే తెలియదు.

“ప్రభుత్వం, బీమా పైసా ఇవ్వవు.” దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులోని 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరు పెట్టి మరీ చేర్చారు. 40 శాతం వైకల్యం ధ్రువీకరణ అయితే చట్టంలోని చాలా తలుపులు తెరుచుకుంటాయి. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఆదాయం వగైరా నిబంధనలున్నాయి, అందరికీ రాదు. రాకపోవచ్చు అనడం వేరు, లేదు అనడం వేరు.

చిక్కు ఎక్కడుందంటే, ఈ జబ్బు చూసేవాళ్లకు కనిపించదు. సదరం పరీక్ష (వైకల్యం ఎంత శాతమో ధ్రువీకరించే పరీక్ష) రోజు పొద్దున మా చెల్లి చక్కగా నడుచుకుంటూ గదిలోకి వెళ్లింది. “ఏటమ్మా, బానే నడుస్తున్నావు కదా” అన్నారు లోపల. మధ్యాహ్నం ఎండలో బయటికొచ్చేసరికి ఎడమ పాదం ఈడుస్తోంది, చెప్పు జారిపోయి మెట్ల మీదే ఉండిపోయింది. ఆ పాదాన్ని ఎవరూ చూడలేదు. కాబట్టి ఆ పరీక్ష స్లాటు కోసం వార్డు సచివాలయానికి వెళ్లే ముందే ఎంఆర్ఐ ఫిల్ములు, డిశ్చార్జి కాగితాలు, వాటితో పాటు న్యూరాలజిస్టు రాసిన ఉత్తరం సిద్ధం చేసుకోండి. ఎంత దూరం నడిస్తే ఆగాల్సొస్తోంది, చూపు ఎలా ఉంది, మూత్రం ఆపుకోగలుగుతున్నారా అన్నవి ఆ ఉత్తరంలో ఉండాలి. మూత్రం సంగతి చెప్పడానికి సిగ్గుపడతారు. అది కూడా వైకల్యమే.

ఇక బీమా. “జబ్బు దాచి పాలసీ తీసుకోండి” అని మెసేజ్ కింద ఎవరో ఒక చిట్కా కూడా తగిలించారు. దాచినట్టు తేలితే క్లెయిమ్ పోతుంది, కట్టిన ప్రీమియం పోతుంది. 2024 నిబంధనల ప్రకారం పాలసీకి ముందే ఉన్న జబ్బులకు ఎదురుచూడాల్సిన కాలం మూడేళ్లకు మించకూడదు. కానీ కంపెనీలు మన సమ్మతితో శాశ్వతంగా మినహాయించుకోగల జబ్బుల జాబితా ఒకటి 2019 నిబంధనల్లో ఉంది, అందులో ఎం.ఎస్. వర్గం జబ్బులున్నాయి. అలా మినహాయించిన పాలసీ అయినా డెంగీకీ, విరిగిన కాలికీ పనికొస్తుంది, వదులుకోకండి. ఇంకోటి: జబ్బు బయటపడక ముందు ఎప్పుడో తీసుకున్న క్రిటికల్ ఇల్నెస్ పాలసీ (తీవ్రమైన జబ్బు తేలితే ఒకేసారి డబ్బిచ్చేది) బీరువాలో ఉందేమో చూడండి. ఆ పాలసీల ప్రామాణిక నిర్వచనాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. లక్షణాలు ఆరు నెలల పాటు నిలిచి ఉండాలన్న షరతు ఉంటుంది.

“ఉద్యోగం మానేయండి.” విశాఖలో ఈ సలహా ఇచ్చేవాళ్లకు తాము ఏ ఊళ్లో ఉన్నారో గుర్తున్నట్టు లేదు. స్టీల్‌ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, ఇలా సగం ఊరు ప్రభుత్వ సంస్థల జీతం మీదే నడుస్తోంది. పైన చెప్పిన దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ఏం చెబుతోందంటే, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే, దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టులో ఉంచాలి. ప్రైవేటులో ఇంత రక్షణ లేదు. అయినా రాజీనామా కాగితం ఇచ్చే ముందు కంపెనీ గ్రూపు బీమా గుర్తు తెచ్చుకోండి. ముందే ఉన్న జబ్బును కూడా మొదటి రోజు నుంచీ కలుపుకునేది చాలావరకు అదే. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది, వైకల్యం ఉన్నవాళ్లకు ఆ పరిమితి 25,000. ఈఎస్ఐ వైద్యానికి ఇంతే అని గరిష్ఠ ఖర్చు లేదు. రాజీనామాతో అదీ తెగిపోతుంది. అలసట నిజమే, భరించలేనిదే. దానికి అడగాల్సింది షిఫ్టు మార్పు, కింది అంతస్తులో కుర్చీ, ఇంటి నుంచి పని.

“డబ్బు గురించి ఆలోచించొద్దు.” మందు చీటీ చేతిలో పెట్టుకుని ఎలా ఆలోచించకుండా ఉంటారు? రాత్రి రెండింటికి నిద్ర పట్టనివ్వనిది చాలాసార్లు అంకె తెలియకపోవడమే. మా ఇంట్లో ఒక పొడుగు ఖాతా పుస్తకం పెట్టాం. ప్రతి నెలా తప్పనివి ఒక వరస, ఏడాదికోసారి వచ్చేవి ఒక వరస, చెప్పాపెట్టకుండా వచ్చేవి ఒక వరస. మొదటి దాంట్లో మందుతో పాటు కరెంటు బిల్లు కూడా ఉంది. ఒంటి శ్రమ తర్వాత ఈ రోగుల చూపు తాత్కాలికంగా మందగిస్తుందని ఊట్‌హాఫ్ అనే జర్మన్ వైద్యుడు 1890లోనే రాశాడు; ఒళ్లు వేడెక్కడం వల్లే లక్షణాలు అలా ముదురుతాయని తర్వాత తేలింది. మే నెల వైజాగ్ ఉక్కపోతలో చెల్లి గదిలో ఏసీ మందు లెక్కలోకే వస్తుంది, సోకు లెక్కలోకి కాదు. మూడో వరసలో స్టిరాయిడ్ సెలైన్ల మూడు నుంచి ఐదు రోజుల ఖర్చు, ఆటో కిరాయి, తోడెళ్లినవాళ్ల పోయిన జీతం. ఈ చివరిది అందరూ మర్చిపోతారు.

లెక్క రాస్తే కొన్ని ఖర్చులు వాటంతటవే బయటపడతాయి. జ్వరమో యూరిన్ ఇన్‌ఫెక్షనో వస్తే పాత లక్షణాలు తిరగబెడతాయి, అది కొత్త రిలాప్స్ కాదు. ఎంఆర్ఐకి పరిగెత్తే ముందు యూరిన్ పరీక్ష సరిపోతుందా అని డాక్టర్‌ని అడగడంలో తప్పులేదు.

ఇంత రాసినా గుండెదడ ఆగకపోతే, నిద్ర రాకపోతే, బతుకు మీద ఆశే పోతుంటే దానికి వేరే వైద్యం కావాలి. ఎం.ఎస్. ఉన్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన మామూలు జనంలో కంటే బాగా ఎక్కువ, మెదడులోని మార్పులు కూడా అందుకు ఒక కారణం. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ గేటు దాటి వెళ్లడానికి మనూళ్లో ఇప్పటికీ మొహం చాటేస్తారు, అంతకంటే తెలివితక్కువతనం లేదు.

“ఎవరికీ చెప్పొద్దు.” చెప్పకపోతే అయ్యేది ఏంటంటే, పిన్నిని అడగాల్సిన ఇరవై వేలు లోన్ యాప్‌ని అడుగుతారు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ ఫోన్లోని కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదు. అవి అడిగే యాప్‌ని అక్కడే తీసెయ్యండి. పిన్నిని అడిగేటప్పుడు జబ్బు చరిత్రంతా విప్పక్కర్లేదు. ఎంత కావాలో, దేనికో, ఏ నెలలో తిరిగిస్తారో చెబితే చాలు. తిరిగివ్వలేని డబ్బయితే, ఆ మాట కూడా అడిగేటప్పుడే చెప్పాలి.