చార్ట్ పేపర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ చార్ట్ పేపర్ గారి దివ్యసముఖానికి,

ఒక సైన్స్ మాస్టారు నమస్కరించి రాసుకునేది. తమరు క్షేమమేనని తెలుసు. ఈ మధ్యాహ్నం నాలుగు మూలలా టేపు వేసి తమర్ని గోడకెక్కించింది నేనే.

అంతకుముందు ఏం జరిగిందో తమరు చూళ్ళేదు. బీరువాలో చుట్ట చుట్టుకుని పడుకున్నారు. గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో తేలుతున్న ఐసు ముక్క. కరిగితే నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? ఎవరికి వాళ్ళు ఆలోచించి చెయ్యెత్తమన్నాను. 40 మందిలో 28 మంది పెరుగుతుందన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు. మీతో ఒప్పుకోనివాళ్ళను పట్టుకుని వాదించుకోండి అన్నాను. నా తెలివేం కాదులెండి, హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991లోనే ఇలా పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

ఇక చూడాలి ఆ గోల! ఎప్పుడూ నోరు విప్పని చివరి బెంచీ పిల్ల ముందు బెంచీ దాకా వచ్చేసి, "కరిగితే బరువేం మారదు కదా! ఎంత నీళ్ళను పక్కకి నెట్టి తేలుతోందో, కరిగాక అన్ని నీళ్ళే అవుతుంది" అంటూ క్లాస్ ఫస్ట్ అబ్బాయి మీదికి వెళ్ళింది. మళ్ళీ చేతులెత్తిస్తే, పెరుగుతుందన్నవాళ్ళు 9 మందే మిగిలారు.

సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన సారు గుమ్మంలో నిలబడ్డారు. "ఏంటండీ ఈ సంత?"

యాక్టివ్ లెర్నింగ్ సార్, పిల్లలే ఆలోచించి, వాదించుకుని నేర్చుకుంటారు అన్నాను.

"మరి చార్ట్ ఏదీ?"

తప్పు ఆయనది కూడా కాదేమో. మా ట్రైనింగులు అలాంటివి. వింటే 5 శాతమే గుర్తుంటుంది, పక్కవాడికి నేర్పితే 90 శాతం ఉంటుంది అంటూ ఒక పిరమిడ్ బొమ్మ పెట్టి, మమ్మల్ని మూడు గంటలు కూర్చోబెట్టి వినిపించారు. ఆ బొమ్మకు మూలం అని చెప్పేది, ఎడ్గార్ డేల్ అనే అమెరికా విద్యావేత్త 1946లో గీసిన శంకువు. అందులో అసలు శాతాలే లేవు. నిజంగా లెక్క కట్టినవాళ్ళు వేరే ఉన్నారు. 2014లో సైన్స్, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల మీద 225 అధ్యయనాలు కలిపి చూశారు. ఉపన్యాసాలు విన్నవాళ్ళలో దాదాపు 34 శాతం ఫెయిలైతే, యాక్టివ్ లెర్నింగ్ పద్ధతిలో చదివినవాళ్ళలో 22 శాతమే. ఆ తేడా రంగు బార్డర్ల వల్ల వచ్చిందని మాత్రం ఎవరూ అన్లేదు.

పిల్లల వాదన గోడకంటదు. అదీ తమరి బలం. ఫోటోలో పడదు, ఫైల్లో పెట్టడానికి పనికిరాదు. అందుకని తర్వాతి పీరియడ్ మొత్తం తమరికే సమర్పించాను. చేతిరాత బాగున్నవాడు రాస్తాడు, ఒకడు స్కేలు పట్టుకుంటాడు, ఇద్దరు బార్డర్‌కి పువ్వులు వేస్తారు, మిగతావాళ్ళు ఎర్ర స్కెచ్ పెన్ మూత కోసం బెంచీల కింద పాకుతారు. ఐసు మాటెత్తినవాడు ఒక్కడు లేడు! పది నిమిషాల్లో 19 మంది మనసు మార్చుకున్న క్లాసు అది. నలభై నిమిషాలు పువ్వులకు రంగు నింపించావు కదయ్యా! నువ్వు లేకపోతే పాఠం చెప్పినట్టు కాదా? నీకెవరిచ్చారు ఆ పెత్తనం?

క్షమించాలి, తమర్ని ఏకవచనంలో అనేశాను.

తనిఖీ సారు తమర్ని ఫోటో తీశారు. కింద "చాలా బాగుంది" అని సంతకం కూడా పెట్టి వెళ్ళారు. తర్వాత తీరిగ్గా తమర్ని చదివాను. మధ్యలో గుండ్రటి అక్షరాలతో, కింద రెండు గీతలతో: "ఐస్ కరిగిన నీటిమట్టం పెరుగును."

చేతిరాత బాగున్నవాడు ఆ తొమ్మిది మందిలో ఒకడట.

చివరి బెంచీ పిల్ల గోడ ముందు నిలబడి ఒకటికి రెండుసార్లు చదివింది. "సార్, మరి..." అంటూ నా వైపు తిరిగింది. ఎర్ర స్కెచ్ పెన్ను చేతికిచ్చాను. మూత అప్పటికీ దొరకలేదు.

"సంతకం మీద పడకుండా కొట్టెయ్యమ్మా" అన్నాను.

ఇట్లు,
తమరి టేపు వేసే మాస్టారు