బరువు పంపకాల పెద్దమనిషి గారికి

మహారాజశ్రీ వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ గారికి,

డాలస్ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, మా ఎస్‌యూవీ వెనక ఇరుసు కూడా ప్రస్తుతానికి క్షేమం, తమరు మా గరాజ్‌లో ఓ మూల గ్రీజు గుడ్డ కప్పుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ 'తమరు' ఇక్కడితో ఆపేస్తాను. 90 పౌండ్ల ఇనుముని నడుం పట్టేసేదాకా ఎత్తి దించినవాడికి 'నువ్వు' అనే చనువు ఉంటుంది.

కారుకీ ట్రైలర్‌కీ మధ్య బిగిస్తే, ట్రైలర్ మోపే భారాన్ని ఇరుసులన్నిటికీ పంచే ఇనప కొక్కేనివి నువ్వు. అసలు నిన్ను కొనాలని నేననుకోలేదు. నేను కొన్నది క్యాంపర్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. గుంటూరు నుంచి అమ్మానాన్నా ఆరు నెలలకి వచ్చారు, పిల్లలకి సెలవులు, అందరం కలిసి అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్ చూద్దామనుకున్నాం. హోటల్లో అయితే అమ్మకి పొయ్యి ఉండదు, పొయ్యి లేకపోతే అమ్మకి ఊరు ఊరుకాదు, అందుకని వంటిల్లు వెంట తీసుకెళ్ళే ఏర్పాటు అన్నమాట. ట్రైలర్ అమ్మినాయన బ్రోషర్ మీద వేలు పెట్టి, దీని బరువు 4,400 పౌండ్లే, మీ బండి 7,700 లాగుతుంది, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోండి అన్నాడు. బిల్లు చివర్లో నీ పేరు చేర్చి, ఇది తగిలిస్తే ఇక ఏ టెన్షనూ ఉండదన్నాడు.

ఆ ఒక్క మాటతో నిన్ను దేవుణ్ణి చేసేశాను. నువ్వుంటే బండి సత్తువ పెరుగుతుందనీ, ట్రైలర్ తేలికవుతుందనీ, ఎంత సామాను ఎక్కడ పడేసినా నువ్వు చూసుకుంటావనీ. నువ్వు పాపం ఎప్పుడూ అలా అనలేదు. నీ పేరులోనే పంపిణీ అని ఉంది, తగ్గింపు అని లేదు. నేనే చదవలేదు.

నిన్ను ఎంచుకోవడం మాత్రం పెళ్ళిచూపులకన్నా కష్టమైంది. 300 డాలర్ల దగ్గర మొదలై 3,000 దాకా ఉన్నావు. బరువు పంచే నీ ఇనప కడ్డీలు, అదే స్ప్రింగ్ బార్లు, గుండ్రంగా ఉండి కిందినుంచి దూరేవి కావాలా, పక్కనుంచి దూరే ట్రనియన్ రకం కావాలా? గొలుసులతో కట్టేవా, బ్రాకెట్ మీద ఆనేవా? ట్రైలర్ తోక ఊపకుండా పట్టే ఏర్పాటు నీలోనే ఉందా, పక్కన ఇంకో రాడ్ వేరే తగిలించాలా? రివర్స్ చేసేముందు ప్రతిసారీ దిగి ఆ రాడ్ ఊడదియ్యాలంటే నాకు వద్దు, నేను రివర్స్ ఒక్కసారిలో చేసే రకం కాదు. ఇక బార్ల తాహతు 600, 800, 1,000, 1,200 పౌండ్లని మెట్లు మెట్లుగా ఉంది. పెద్దది కొంటే పోలా అనుకున్నాను, పండగ చొక్కా రెండు సైజులు పెద్దది కుట్టించుకునే జాతి కదా మనది. కానీ అవసరానికి మించి బిరుసైన బార్లు వేస్తే ప్రతి గతుకూ వెన్నులోకి తగులుతుంది, ట్రైలర్ ఫ్రేమ్‌కీ మంచిది కాదు. తక్కువవి వేస్తే అవి వంగి ఊరుకుంటాయి, బరువు ఉన్నచోటే ఉంటుంది. ఇంకో తిరకాసు, టంగ్ వెయిట్ ఒక్కటే లెక్కేస్తే చాలదు, బండిలో వెనక ఇరుసుకి వెనకాల పెట్టిన సామాను కూడా అందులో కలపాలి.

టంగ్ వెయిట్ అంటే ట్రైలర్ నాలుక మన బండి మీద మోపే భారం. బ్రోషర్ దాన్ని 480 పౌండ్లంది. అది గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, నీళ్ళు, బియ్యం, అమ్మ ఏవీ లేని నాలుక. సామాను సర్దాక ట్రైలర్ 5,500కి చేరింది, అందులో నూటికి 10 నుంచి 15 వంతులు నాలుక మీద ఉండాలంటారు కాబట్టి దగ్గర దగ్గర 700 వేసుకున్నాను.

బయల్దేరే ముందురోజు రాత్రి డ్రైవర్ తలుపు పక్కన ఫ్రేమ్ మీదున్న స్టికర్ మొదటిసారి చదివాను. నాలుగేళ్ళుగా రోజూ దాని పక్కనుంచే దిగుతున్నాను. మనుషులూ సామానూ కలిపి 1,420 పౌండ్లు దాటకూడదని ఉంది. టంగ్ వెయిట్ కూడా అందులోకే వస్తుంది. ఆరుగురం 785, డిక్కీలో కూలరూ కుక్కర్లూ కలిపి 150, నువ్వు 90, నాలుక 700. మొత్తం 1,725. ఆ 7,700 పౌండ్ల గొప్ప అంతా కారు ఖాళీగా ఉన్నప్పటిది, మహా అయితే ఒక డ్రైవర్, పక్కన ఒక ప్యాసింజర్. మా ఇంట్లో ఖాళీగా ఏ కారూ ఏ రోజూ ఎక్కడికీ వెళ్ళలేదు.

మరి నేనేం చేశానో తెలుసా? నాలుక బరువే కదా తగ్గాల్సింది అని, ట్రైలర్ ముందు అరలో ఉన్న గ్రైండరూ బియ్యం మూటలూ నీళ్ళ క్యాన్లూ అన్నీ వెనకాల బాత్రూంలోకి చేరవేశాను. జాక్ చక్రం తిప్పితే ముందు భాగం పువ్వులా లేచింది. ఇంజనీరింగ్ చదివినందుకు ఇవాళ సార్థకమైందనుకున్నాను.

మర్నాడు 287 హైవే మీద, విచిటా ఫాల్స్ దాటాక, పక్కగాలి. 65లో పోతున్నాను, ఒక పద్దెనిమిది చక్రాల లారీ మమ్మల్ని దాటింది, అంతే, వెనక ట్రైలర్ పాము తోకలా ఇటు ఒకసారి అటు ఒకసారి, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా, స్టీరింగ్ నా చేతిలో ఉందో లేదో నాకే తెలియదు. అమ్మ ఆంజనేయ దండకం ఎత్తుకుంది. ఎక్కడో చదివిన గుర్తుతో కాలు బ్రేకు మీదకి పోనివ్వకుండా ఆక్సిలరేటర్ వదిలి, డాష్‌బోర్డు కింద ఉన్న ట్రైలర్ బ్రేక్ మీట చేత్తో నొక్కాను. సర్దుకుంది. పక్కకి ఆపి బయటికొచ్చి మొదట తిట్టింది నిన్నే. ఇంత డబ్బు పోసి కొంటే ఏం చేస్తున్నావురా అని, 75 మైళ్ళ లిమిట్ ఉన్న రోడ్డు పక్కన నిలబడి, ఒక ఇనప ముక్కని.

నాన్న దిగి ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఆయన చిన్నప్పుడు వడ్ల బస్తాల బండి తోలినవాడు. "వెనక్కి మొగ్గింది రా బండి. వెనక్కి మొగ్గితే నొగ పైకి లేస్తుంది, కాడి ఎద్దుల మెడమీద నిలవదు. మెడకి కాస్త బరువు తగలాలి. అట్లని మెడ విరగకూడదు." నూటికి 10 నుంచి 15 అంటే ఇదే కదా అని నాకప్పుడు తట్టింది. గ్రైండర్‌ని మళ్ళీ ముందుకి మోసింది కూడా నేనే.

ఆ తర్వాత ఒక ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద, అంటే లారీలు తూచే కాటా మీద, మూడుసార్లు తూయించాను, ట్రైలర్ లేకుండా ఒకసారి, తగిలించి నీ బార్లు వెయ్యకుండా ఒకసారి, వేసి ఒకసారి. వెనక లారీవాళ్ళు ఓపిగ్గా చూశారు, ఆ ఓపికలో కాస్త జాలి కూడా ఉంది. ముందు ఇరుసు మీద 3,080 ఉండేది ట్రైలర్ తగలగానే 2,660కి పడిపోయింది. వెనక కూర్చునే బరువు ముందుని పైకి లేపుతుంది కదా, స్టీరింగ్ తేలిపోతుంది, ముందు బ్రేకులకి పట్టు తగ్గుతుంది, రాత్రయితే హెడ్‌లైట్లు రోడ్డు వదిలి చుక్కలు లెక్కపెడతాయి. నీ బార్లు బిగించాక ముందు ఇరుసు 2,960కి వచ్చింది, వెనకది 4,660 నుంచి 4,200కి దిగింది, మిగతా 160 పౌండ్లు ట్రైలర్ చక్రాలు తీసుకున్నాయి. టేపు పెట్టి ముందు ఫెండర్ ఎత్తు చూసినా అదే మాట చెప్పింది. ఎంత వెనక్కి తేవాలన్నది మాత్రం కారు కారుకీ వేరు, కొందరు తయారీదార్లు సగం చాలంటారు, కొందరు అసలు నిన్ను వాడొద్దనే అంటారు. నేను మాన్యువల్ తీసింది కూడా ఆ ట్రక్ స్టాప్‌లోనేలే.

అప్పుడు అర్థమైంది నువ్వెవరో. ఊళ్ళో అన్నదమ్ముల పంపకాలకి పిలిచే పెద్దమనిషివి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసు, ముగ్గురన్నదమ్ములు. నడిపివాడి నెత్తిన ఉన్న అప్పు ముగ్గురికీ సర్ది లేచిపోతావు. అప్పు మాత్రం పైసా తగ్గదు. కారు మొత్తం బరువు 7,020 దాటకూడదు, నువ్వు పంచి పెట్టాక కూడా 7,160. ఇంకా 140 పౌండ్లు ఎక్కువే. డిక్కీలో ఉన్న 150 పౌండ్లూ తీసి ట్రైలర్‌లో సరిగ్గా చక్రాల మీద పడేలా పెట్టాను. లెక్క ప్రకారం 10 పౌండ్లు మిగిలాయి. నా జీవితంలో ఏ బడ్జెట్లోనూ ఇంత మిగల్లేదు.

నీతో పడలేనివి లేకపోలేదు. క్యాంప్ లోపల మలుపు తిరిగితే గానుగలా కిర్రుమంటావు, నాలుగు సైట్ల అవతల కుక్క కూడా లేచి చూసింది. బార్లు ఎక్కించాలంటే జాక్‌తో కారు వెనక భాగాన్ని కూడా లేపాలి. లేపకుండా కండబలంతో తోస్తే బార్ ఎదురుతన్నుతుంది, నా మోచేతి మీద గుర్తు ఇంకా ఉంది. అయినా కాన్యన్‌లోకి దిగే ఆ నిటారు రోడ్డు మీద నువ్వు చప్పుడు చేసినా కుదురుగానే ఉన్నావు, అది ఒప్పుకుంటున్నాను.

తిరుగు ప్రయాణంలో అమ్మ అమరిల్లోలో ఒక ఇనప పెనం కొంది, దోసెలకి బాగుంటుందట. దాన్ని నేను తూచలేదు. నువ్వూ అడక్కు.

ఇట్లు,
నీ బార్లకి గొలుసు లింకులు లెక్కపెట్టుకునేవాడు