ఆయాసాన్ని వయసు ఖాతాలో వేయకండి

"వయసు మీద పడ్డాక ఆ మాత్రం ఆయాసం మామూలే." ఈ మాట చుట్టాలు అన్నారు, ఇరుగుపొరుగు అన్నారు, చివరికి వైద్యులు కూడా అన్నారు. ఈ మాట చెల్లుబాటు అయినన్నాళ్లూ మా అమ్మకు దక్కినవి దగ్గు మందు సీసాలే. ఆమె ఊపిరితిత్తులు ఎంత గాలిని, ఎంత వేగంగా బయటికి పంపగలుగుతున్నాయో కొలిచి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

వయసుతో ఊపిరి బలం తగ్గదా అంటే తగ్గుతుంది. పాతికేళ్లు దాటాక, మొదటి సెకనులో మనం బలంగా ఊదగలిగే గాలి ఏటా సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్లు తగ్గుతూ వస్తుంది. కానీ ఊపిరితిత్తులకు అవసరానికి మించి ఉండే సామర్థ్యం చాలా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న మనిషి ముసలితనంలో మెల్లగా నడుస్తాడేమో గానీ, స్నానం చేసి వచ్చి రొప్పడు. స్నానానికే ఆయాసం వస్తోందంటే అది వయసు కాదు, జబ్బు. దానికి పేరుంది, పరీక్ష ఉంది, చికిత్స కూడా ఉంది. చాలామందిలో అది సీఓపీడీ (క్రానిక్ అబ్‌స్ట్రక్టివ్ పల్మనరీ డిసీజ్), అంటే ఊపిరి దారులు ఏళ్ల తరబడి మూసుకుపోతూ వచ్చే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో దీనివల్ల 35 లక్షల మంది చనిపోయారు. ఇంతమందిని తీసుకుపోతున్న రోగం పేరు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఎవరూ విని ఉండరు.

లోపల జరిగేది ఇది. శ్వాసనాళాలు వాచి, కఫం పేరుకుని ఇరుకైపోతాయి. వాటి చివర కోట్ల సంఖ్యలో ఉండే గాలి గదుల గోడలు చితికిపోతాయి. రోగి "గాలి అందడం లేదు" అంటాడు గానీ, అసలు చిక్కు గాలి వదలడంలో ఉంది. దిగాల్సినవాళ్లు దిగకపోతే ఎక్కాల్సినవాళ్లు ఎక్కలేని బస్సు లాంటిది ఆ ఛాతీ. పాత గాలి పూర్తిగా బయటికి పోకముందే కొత్త ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది. నడక వేగం పెరిగేకొద్దీ లోపల చిక్కుకున్న గాలి ఇంకా పెరుగుతుంది.

ఈ జబ్బు ఇన్నేళ్లు ఎలా దాక్కుంటుందో అమ్మను చూశాకే నాకు అర్థమైంది. ఆస్పత్రిలో "ఆయాసం ఉందా?" అని అడిగితే ఆమె "లేదండీ" అనేది. అబద్ధం కాదు. మేడ మెట్లు ఎక్కడం ఎప్పుడో మానేసింది. బరువులు ఎత్తడం మానేసింది. ఎవరితోనైనా కలిసి నడవాల్సి వస్తే ఫోను చూసుకుంటున్నట్టు ఆగిపోయేది. జుట్టు దువ్వుకునేటప్పుడు చేతులు పైకెత్తి, కాసేపటికే దించేసి, మంచం పట్టె పట్టుకుని నాలుగు ఊపిర్లు తీసుకుని, మళ్లీ ఎత్తేది. భుజాల దగ్గరి కండరాలు అప్పటికే ఊపిరి లాగే పనిలో ఉన్నాయి కాబట్టి, చేతులు పైకెత్తగానే ఆ సాయం తగ్గిపోతుంది. అందుకే వైద్యులు అడగాల్సింది "ఆయాసం ఉందా?" అని కాదు, "ఏయే పనులు మానేశారు?" అని. మీ ఇంట్లో పెద్దవాళ్లను ఇవాళే అడిగి చూడండి.

ఇక ఆ పరీక్ష సంగతి. స్పైరోమెట్రీ అంటారు. గుండెల నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్క ఉదుటున ఊది, చివరి దాకా ఊదుతూనే ఉండాలి. ఇలా కనీసం మూడుసార్లు. తర్వాత శ్వాసనాళాలు విప్పారే మందు పీల్పించి, కాసేపు ఆగి మళ్లీ ఊదిస్తారు. మందు ఇచ్చాక కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చింది 70 శాతం కన్నా తక్కువ ఉంటే, మిగతా లక్షణాలతో కలిపి చూసి ఈ జబ్బును నిర్ధారిస్తారు. సూది లేదు, నొప్పి లేదు. ఈ పరికరాన్ని లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ 1846లోనే లోకానికి చూపించాడు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే సాధనం వచ్చింది 1896లో. దానికన్నా యాభై ఏళ్లు ముందు పుట్టిన పరికరం ఇది! బీపీ చూడని క్లినిక్ ఉండదు, ఊదించి చూసే క్లినిక్ మాత్రం వెతుక్కోవాలి. తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపేయడం అన్యాయం.

"సిగరెట్లు తాగేవారా?" అనేది అందరూ వేసే మొదటి ప్రశ్న. మా అమ్మ జన్మలో తాగలేదు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. సంపన్న దేశాల్లో ఈ జబ్బుకు 70 శాతానికి పైగా పొగాకే కారణం. పేద, మధ్యాదాయ దేశాల్లో పొగాకు వాటా 30 నుంచి 40 శాతమే, అక్కడ ఇంటిలోపలి పొగ పెద్ద కారణం. పనిచేసే చోటి దుమ్ము, రసాయనాల ఆవిర్లు, నెలలు నిండకుండా పుట్టడం, చిన్నతనంలో పదేపదే వచ్చిన ఊపిరితిత్తుల జబ్బులు, కొందరిలో ఊపిరితిత్తులను కాపాడే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ పుట్టుకతోనే తక్కువగా ఉండడం కూడా దీనికి దారితీస్తాయి. సరే, తాగినవాళ్లే అనుకుందాం. వాళ్లకు జబ్బు చేస్తే తగిన శాస్తి అన్నట్టు చూసే హక్కు మనకు ఎవరిచ్చారు? నికోటిన్ మనిషిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో తెలిసే ఆ సరుకు అమ్మారు. సిగ్గుతో ఆస్పత్రికి రాని మనిషి ఇంకాస్త ముదిరాకే వస్తాడు. "ఇంత పాడయ్యాక మానేసి ఏం లాభం" అనేవాళ్లకు ఒకటే చెప్తాను. పోయిన ఊపిరి తిరిగి రాదు, నిజమే. కానీ ఏ వయసులో మానేసినా, ఉన్నది తరిగిపోయే వేగం తగ్గుతుంది. మానడానికి మందులున్నాయి, నికోటిన్ పట్టీలున్నాయి.

ఇన్‌హేలర్ మీద ఉన్న అపనింద ఇంకా బాధ కలిగిస్తుంది. "ఒకసారి పెడితే అలవాటు పడిపోతారు, మాత్రలే నయం" అంటారు. లెక్క చూడండి. శ్వాసనాళాలు విప్పారేలా చేసే సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు ఉంటే, ఇన్‌హేలర్ రెండుసార్లు నొక్కితే వచ్చేది 0.2 మిల్లీగ్రాములు. ఇరవయ్యో వంతు! అదీ నేరుగా చేరాల్సిన చోటికే వెళ్తుంది. కాకపోతే వాడే తీరు ఎవరూ నేర్పరు. అమ్మ నొక్కగానే తెల్లటి ఆవిరి పెదాల సందుల్లోంచి బయటికే వచ్చేసేది. ఒక నర్సు పక్కన కూర్చుని ఓపిగ్గా చూపించింది. కుదపాలి, ఊపిరి వదలాలి, పెదాలు బిగించాలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి, పీల్చాక పది సెకన్లు బిగబట్టాలి. ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే గొట్టం, స్పేసర్, తగిలిస్తే ఇంకా సులువు. పొడి మందు రకానికి మాత్రం వేగంగా, బలంగా పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్నదైతే తర్వాత నోరు పుక్కిలించాలి. మందు మార్చే ముందు వాడే తీరు చూడండి, దయచేసి.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇది. ప్రేమ కొద్దీ మనం రోగిని కూర్చోబెడతాం. "నువ్వు కదలకు, నేను తెస్తాను" అంటాం. కదలకపోతే కాళ్ల కండరాలు నీరసిస్తాయి. నీరసించిన కండరం చిన్న పనికే ఎక్కువ ఊపిరి అడుగుతుంది. ఆయాసం పెరుగుతుంది, భయం పెరుగుతుంది, కదలిక ఇంకా తగ్గుతుంది. దీన్ని తెంచేది పల్మనరీ రిహాబిలిటేషన్. కొన్ని వారాల పాటు నిపుణుల కళ్లెదుట చేసే నడక, కండరాల వ్యాయామం, ఊపిరి తీసే పద్ధతుల శిక్షణ. ఊపిరితిత్తులు మారవు, మనిషి నడిచే దూరం మాత్రం మారుతుంది. అమ్మ ఇప్పుడు మెట్టు ఎక్కేటప్పుడు ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి నెమ్మదిగా ఊపిరి వదులుతుంది, ఆగి ముక్కుతో పీల్చుకుంటుంది, మళ్లీ వదులుతూ ఇంకో మెట్టు. మేడ మీదికి వెళ్తోంది. ఇంత పని చేసే చికిత్సను చాలామంది రోగులకు అసలు చెప్పనే చెప్పరు!

కఫం రంగు మారినా, ఎక్కువైనా, ఆయాసం ఒక్కసారిగా పెరిగినా రేపు చూద్దాంలే అనుకోవద్దు. అలాంటి ప్రతి దాడీ ఊపిరిని ఇంకాస్త దెబ్బతీయగలదు. పెదాలు నీలం తిరిగినా, మనిషి మత్తుగా, అయోమయంగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఏటా ఫ్లూ టీకా, వైద్యులు చెప్పినట్టు న్యుమోనియా టీకా వేయించండి. ఇంట్లో ఆక్సిజన్ అందరికీ అవసరం ఉండదు. విశ్రాంతిలో కూడా రక్తంలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్నవాళ్లకు రోజుకు 15 గంటలు, ఆపైన ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లో వచ్చిన రెండు ముఖ్యమైన పరిశోధనలు తేల్చాయి. కానీ మోతాదు సొంతంగా పెంచకూడదు, దాని దగ్గర నిప్పు ఉండకూడదు.

మీ ఇంట్లో నలభై దాటినవాళ్లు ఎవరైనా నెలల తరబడి దగ్గుతుంటే, పొగలోనో దుమ్ములోనో ఏళ్లు గడిపి ఉంటే, ఈసారి వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు స్పైరోమెట్రీ చేయించమని నోరు తెరిచి అడగండి. ఇక్కడ లేదంటే ఎక్కడ చేస్తారో రాసిమ్మనండి. వయసు వల్లే అంటే, ఆ మాట ఊదించి చూశాక చెప్పమనండి.