ఓర్వకల్లులో దిగినవారికి మనవి

కర్నూలు విమానాశ్రయం మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఒక అపార్థం. విమానం తమను కర్నూలుకు చేరుస్తుందని ప్రయాణికులు నమ్ముతున్నారు. టికెట్టు మీద ఆ ఊరి పేరే ఉంటుంది కనుక వారిని పూర్తిగా తప్పుపట్టడానికి లేదు. అయితే విమానానికి ఉన్న బాధ్యత విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు వరకే. అక్కడి నుంచి నగరానికి మిగిలే సుమారు 20 కిలోమీటర్లు భూమి మీద ఉన్నాయి. భూమి మీద ఉన్నదానికి విమానయాన శాఖను బాధ్యుల్ని చేయడం న్యాయం కాదు. ఈ చిన్న విషయం గ్రహిస్తే, ట్రాలీ పక్కన నిలబడి నలుదిక్కులా చూసే మనుషుల సంఖ్య గణనీయంగా తగ్గుతుందని నా అభిప్రాయం.

2017 ఏప్రిల్ 27న సిమ్లాలో, చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం మొదటి విమానానికి ప్రధానమంత్రి పచ్చజెండా ఊపారు. అదే రోజు కడప–హైదరాబాదు సర్వీసు కూడా మొదలైంది కాబట్టి రాయలసీమ ఈ పథకాన్ని పుట్టినరోజు నుంచీ ఎరుగును. హవాయి చెప్పులు వేసుకునే మనిషి కూడా హవాయి జహాజు ఎక్కాలన్నది అప్పుడు ప్రకటించిన ఆశయం. దీన్ని అందరూ పేదవాడి మీద ప్రేమగా అర్థం చేసుకున్నారు. ప్రేమ ఉంటే ఉండవచ్చు గానీ, అందులోని ముందుచూపు ఓర్వకల్లులో దిగినవారికి మాత్రమే బోధపడుతుంది. టెర్మినల్ గుమ్మం దగ్గర నుంచి 40వ నంబరు జాతీయ రహదారి దాకా, మే నెల మధ్యాహ్నం, సూట్‌కేసు ఈడ్చుకుంటూ నడవవలసి వచ్చిన మనిషికి బూట్లు ఎందుకూ కొరగావు. ప్రభుత్వం ఏ పాదరక్షలు వేసుకుని రావాలో ఏళ్ల ముందే చెప్పింది. వినకుండా బూట్లు తొడుక్కుని వచ్చినవారు ఇప్పుడు గొణగడం సబబు కాదు.

ఈ విమానాశ్రయం పట్ల ప్రభుత్వాలు నిర్లక్ష్యం చూపాయనే మాట కూడా నిలవదు. 2017లో శంకుస్థాపన జరిగింది. 2019 జనవరిలో ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు దీన్ని ప్రారంభించారు. 2021 మార్చి 25న ముఖ్యమంత్రిగా జగన్మోహన్ రెడ్డి దీన్ని ప్రారంభించి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆ తరువాత మూడు రోజులకు విమానాలు వచ్చాయి. ఒకే విమానాశ్రయాన్ని ఇద్దరు ముఖ్యమంత్రులు ప్రారంభించడం ప్రతి ఊరికీ దక్కే గౌరవం కాదు. ఆ రెండు సందర్భాల్లోనూ వారిలో ఎవరైనా అక్కడి నుంచి కర్నూలు అంచున ఉన్న నంద్యాల చెక్‌పోస్టు దాకా షేర్ ఆటోలో ప్రయాణించినట్టు దాఖలాలు లేవు. పేరు విషయంలో మాత్రం ఎవరికీ ఆక్షేపణ ఉండనవసరం లేదు. 1847లో కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కిన ఆ వీరుడికి సొంత గుర్రం ఉండేది.

ఇక అసలు విషయమైన ఆటో దగ్గరికి వద్దాం. ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ఆర్థికశాస్త్రానికీ మన ఆటో డ్రైవరు ఆర్థికశాస్త్రానికీ ఉన్న పోలికను పండితులు ఇంతవరకు గుర్తించకపోవడం ఆశ్చర్యం. ఉడాన్ పథకం మొదలైనప్పుడు గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించకూడదని సగం సీట్లకు పరిమితి పెట్టారు. అంత తక్కువ రేటుకు నడిపితే విమాన సంస్థకు వచ్చే లోటును వయబిలిటీ గ్యాప్ ఫండ్ పేరుతో పూడ్చే ఏర్పాటు చేశారు. మన వంటి రాష్ట్రాల్లో అందులో 80 శాతం కేంద్రానిది, 20 శాతం రాష్ట్రానిది. అంటే విమానం గిట్టుబాటు కాకపోయినా ఎగరవచ్చు. ఆ నష్టాన్ని ఎగరనివారు కూడా కలిసి భరిస్తారు. ఆటోకు ఈ సౌకర్యం లేదు. అందుచేత షేర్ ఆటో డ్రైవరు తన గిట్టుబాటు లోటును తానే పూడ్చుకునే పద్ధతి కనిపెట్టుకున్నాడు. సీట్లు నిండేదాకా బండి కదలదు. సీట్లు నిండిన తరువాత కూడా కదలదు, ఎందుకంటే తనకు అటొకరు ఇటొకరు కూర్చునే చోటు ఉందని ఆయనకు తెలుసు. డెబ్బై పైచిలుకు సీట్ల విమానం వేళ అయితే ఖాళీ సీట్లతోనైనా లేచిపోతుంది. నలుగురు పట్టే బండి ఎనిమిదో మనిషి కోసం ఎదురుచూస్తుంది. ఈ రెండింటిలో ఖజానాకు భారం కానిది ఏదో పాఠకులే తేల్చుకోవచ్చు.

షేర్ ఆటో వద్దని, మొత్తం బండి మాట్లాడుకునే ప్రయాణికుడికి మరో సిద్ధాంతం ఎదురవుతుంది. ఊళ్లో నుంచి వచ్చిన ఆటో అయితే, 'ఖాళీగా వచ్చినా సార్, రెండు దిక్కులా చూసి ఇయ్యండి' అంటుంది. ఓర్వకల్లు ఆటో అయితే, 'తిరిగి ఖాళీగా రావాల సార్, గిట్టుబాటు కాదు' అంటుంది. రెండు వాదాలూ వేర్వేరు దిక్కుల నుంచి బయలుదేరి ఒకే మొత్తం దగ్గర కలుస్తాయి. ఇందులో మోసమేమీ లేదు. రోజుకు వచ్చే విమానాలను వేళ్లమీద లెక్కపెట్టగలిగే చోట, విమానం రాని పూట ఆ డ్రైవరు ఎవరిని ఎక్కించుకోవాలి? రాళ్ల అందం చూడడానికి వచ్చినవారు పక్కనే ఉన్న రాక్ గార్డెన్‌కు వెళతారు గానీ, వారిలో చాలామంది సొంత బండ్లలోనే వస్తారు. కాబట్టి మీరు చెల్లించే రెండో దిక్కు కిరాయి ఒక ప్రైవేటు వయబిలిటీ గ్యాప్ ఫండ్. తేడా అంతా వాటాల్లో ఉంది: ఇక్కడ నూరు శాతం మీదే.

కిరాయి కుదిరాక మిగిలే చిక్కు, నగర కేంద్రం ఎక్కడ అన్నది. కొండారెడ్డి బురుజు అని చరిత్ర తెలిసినవారు అంటారు. రాజ్‌విహార్ అని బట్టలు కొనేవారు, కొత్త బస్టాండు అని మళ్లీ ఎక్కడికైనా పోవలసినవారు అంటారు. 1953 అక్టోబరు నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండి, ఉద్యోగులను డేరాల్లో పెట్టి పాలించిన ఊరు ఇది. ఆనాటి జ్ఞాపకంగా సీ క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది కనుక, దానికీ కేంద్రమయ్యే హక్కు లేకపోలేదు. డ్రైవరుకు ఈ సందేహాలు లేవు. నంద్యాల చెక్‌పోస్టు రాగానే బండి ఆపి, 'కర్నూలు వచ్చింది సార్' అని ప్రకటిస్తాడు. లోపలికి పోవాలంటే అది వేరే లెక్క.

బెంగళూరు నుంచి రాత్రి బస్సు ఎక్కిన మనిషి నిద్ర లేచేసరికి కొత్త బస్టాండులో ఉంటాడన్నది కొందరు ఎత్తే పోలిక. నిజమే, ఉంటాడు. కానీ అతనికి కిందికి చూస్తే మబ్బులు కనపడవు, ఇంటికి వెళ్లి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. పైగా 2025 జులై నుంచి విజయవాడకు కూడా విమానం ఉంది కాబట్టి, రాజధానిలో పని చూసుకుని తిరిగి వచ్చేవారికి సైతం ఓర్వకల్లులో నిలబడే భాగ్యం కలిగింది.

ఇంతకీ ఈ వ్యవస్థ ఎలా నడుస్తోందని బయటివారు అడగవచ్చు. బావమరిది వల్ల నడుస్తోంది. కర్నూలులో విమానం దిగే ప్రతి గృహస్థుకూ ఊళ్లో ఒక బావమరిది ఉంటాడు, అతని దగ్గర ఒక బండి ఉంటుంది. విమానం గంట ఆలస్యమని తెలిసినా అతను గంటన్నర ముందే వచ్చి, పార్కింగు దగ్గర టీ తాగుతూ, 'బావా, దిగితివా' అని ఫోన్ చేస్తుంటాడు. టోలు రుసుము అతనిది, పెట్రోలు అతనిది, చెడిన సగం రోజు పని అతనిది. ప్రాంతీయ విమానయానం విజయాన్ని లెక్కగట్టే పట్టికల్లో అతనికి ఒక్క గడి కూడా లేదు. పథకాన్ని నిజంగా నిలబెట్టాలనుకుంటే లోటు భర్తీ నిధిలో కొంత వాటా ఇతనికి ఇవ్వడం కనీస ధర్మం. ఆధార్‌తో అనుసంధానం చేసి, అక్క పేరు ధ్రువీకరించుకుని, నేరుగా ఖాతాలో వేయవచ్చు.

ఊళ్లో బావమరిది లేనివారి సంగతి తేల్చడానికి మాత్రం ఒక కమిటీ అవసరం. సభ్యులు మొదటి సమావేశానికి విమానంలో వచ్చి, ఓర్వకల్లు నుంచి కలెక్టరేటుకు తమ ఏర్పాట్ల మీద తామే చేరుకోవాలని ఉత్తర్వులో రాయాలి. టీఏ బిల్లుకు ఆటో రసీదు జతపరచాలన్న నిబంధనను కూడా సడలించకూడదు.