నాలుగు నిమిషాలు నేనే బండిని

మొన్న మంగళవారం రాయగడలో విజయనగరం వైపు పోవలసిన ఒక గూడ్సు బండి నా మూలంగా ఆగిపోయింది. నేను డ్రైవరును కాను, గార్డునూ కాను. ఒక కర్మాగారంలో ప్రైవేటు సైడింగు, అంటే రైల్వే లైను నుంచి చీలి కర్మాగారంలోకి వచ్చే సొంత పట్టాల, వ్యవహారాలు చూసే మామూలు ఉద్యోగిని. మర్నాడు పది గంటలకు రైల్వే ఇంజనీరుతో కలిసి పట్టాల తనిఖీ ఉందని సోమవారం సాయంత్రం తెలిసింది. గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, కొలిచే పరికరం స్టోర్సు బీరువాలో ఉందనీ, భద్రతాధికారి సంతకం లేనిదే అది బయటికి రాదనీ, ఆ అధికారి సెలవులో ఉన్నాడనీ ఆ తరువాత తెలిసింది. పట్టాల భద్రత కోసం కొన్న వస్తువును పట్టాల కంట పడకుండా భద్రపరచడంలో మా స్టోర్సు గుమాస్తాకు సాటి లేరు.

చేసేది లేక, వర్క్‌షాపు కుర్రవాడి చేత ఒక ఇనుప కడ్డీకి రెండు చెవులు వెల్డింగు చేయించి, 1676 మిల్లీమీటర్ల దగ్గర గీత పెట్టించి, దారిలో మజ్జిగౌరమ్మకు దండం పెట్టుకొని సైడింగుకు చేరాను. మా పట్టాలు కొలవడం అయిపోయింది. అక్కడితో ఇంటికి పోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కాని మా హద్దు బోర్డుకు రెండడుగుల అవతల రైల్వే వారి పట్టా తళతళలాడుతూ కనబడేసరికి, వారి గేజి ఎంతుందో చూద్దామన్న దుర్బుద్ధి పుట్టింది.

కంకర మీద మోకరిల్లి, కడ్డీని రెండు పట్టాలకు అడ్డంగా ఆనించాను. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడ నుంచి నడిపించిన చిన్న రైలుకు పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లే కదా, ఆయన కూడా సొంత పట్టాలున్నవారే కదా, ఆయనను గేజి ఎంతని నిలదీసే ధైర్యం ఎవరికుండేదో అని ఆలోచిస్తూ, కడ్డీని అటూ ఇటూ జరుపుతూ, కళ్లజోడు తుడుచుకుంటూ నాలుగు నిమిషాలు తపస్సు చేశాను. ఆ పట్టాల్లో సన్నగా విద్యుత్తు ప్రవహిస్తుందనీ, బండి చక్రాల ఇరుసు రెండు పట్టాలనూ కలిపితే ఆ ప్రవాహం రిలే అనే విద్యుత్తు స్విచ్చి దాకా పోక సిగ్నలు ఎర్రబడుతుందనీ నేను ఎరగని సంగతి కాదు. ఇరుసు చేసే పనే ఇనుప కడ్డీ కూడా చేస్తుందన్నది మాత్రం ఆ సమయానికి స్ఫురించలేదు. బీరువాలోని పరికరానికి మధ్యలో విద్యుత్తు పారని బిళ్ల ఎందుకు పెట్టారో కూడా అప్పుడే గుర్తు రావాలా?

ఏ పట్టాల మీద బండి ఉందో దీపాలతో చూపే స్టేషను పానెల్ మీద ఎర్ర దీపం వెలగగానే, మా సైడింగు నుంచి వ్యాగను ఒకటి జారి వచ్చిందని అక్కడ కంగారుపడ్డారట. పరుగెత్తుకొచ్చిన పాయింట్స్‌మన్ నన్నూ కడ్డీనీ మార్చి మార్చి చూసి, “ఏటి బాబూ, మీరేనేటి మా పానెల్లో కనబడిన బండి?” అని అడిగాడు. కాదనడానికి సాక్ష్యం లేదు.

పది గంటలకు వచ్చిన ఇంజనీరు తనిఖీకి ముందు నా వాంగ్మూలం రాసుకున్నారు. కడ్డీని వారే పట్టుకుపోయారు. వర్క్‌షాపు వారు దానికి ఇనుము స్టోర్సు నుంచే తీసుకున్నారు కనుక, దాన్ని ఎప్పుడు తిరిగి అప్పగిస్తారో మూడు ప్రతుల్లో రాసిమ్మని గుమాస్తా ఈ ఉదయం చీటీ పంపాడు.